ఇంజన్ లేని డబ్బ

మహబూబ్‌నగర్‌లో నా ఫ్లెక్సీ షాపు కౌంటర్ మీద, కంప్యూటర్ పక్కన, అడ్డంగా ఒక రైలు పెట్టె ఉంటుంది. పొడవు రెండు మూరలకు కాస్త తక్కువ. మెరూన్ రంగు, కిటికీలకు చువ్వలు, కింద ఎనిమిది చక్రాలు. పెళ్లి బ్యానర్‌కు వచ్చినవాళ్లయినా, లీడర్ పుట్టినరోజు కటౌట్‌కు వచ్చినవాళ్లయినా దాన్ని చూడగానే అడిగేది ఒకటే: "ఇంజనేదన్నా?"

లేదు. ఇంజన్ చేయలేదు. ఇప్పట్లో చేసే ఉద్దేశమూ లేదు. ఇది చెబితే నమ్మరు. సగంలో వదిలేశాడనుకుంటారు, లేదంటే ఇంజన్ చేయడం రాదేమో అనుకుంటారు. రెండోదాంట్లో కొంత నిజముంది, దాని సంగతి తర్వాత. నేననేది ఏమిటంటే, మన దగ్గర రైలు బొమ్మ చేయాలనుకున్నవాడు ముందు చేయాల్సింది పెట్టెనే. అదీ పెద్ద కొలతలో, లోపలి బల్లలతో సహా, ఊళ్లో దొరికే సరుకుతో, సొంత చేతులతో. ఇంజన్‌కేం, అభిమానులున్నారు. పేర్లున్నాయి, నంబర్లున్నాయి, ఫొటోలు తీసేవాళ్లున్నారు. దిక్కులేనిది పెట్టె.

ముందుగా మాటల పంచాయితీ ఒకటి తేల్చాలి. మనం పెట్టెనే బోగీ అంటాం. "బోగీల సీటు దొరకలే" అంటే అర్థం కానివాడు లేడు. రైల్వే డ్రాయింగులో మాత్రం బోగీ అంటే పెట్టె కింద స్ప్రింగులతో ఉండే నాలుగు చక్రాల చట్రం. పెట్టెకు అలాంటివి రెండు. మొదట్లో నేను బోగీ డ్రాయింగులని వెతికి, ఎప్పుడూ స్ప్రింగుల బొమ్మలే వస్తుంటే ఇదేం గోలరా అనుకున్నాను. ఇక్కడ పైదాన్ని పెట్టె అంటాను, నోరు జారితే డబ్బ అంటాను. కిందిదే బోగీ.

మాది దేవరకద్ర పక్కన పల్లె. నాయిన, కూలీలను దూరం పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఏడాదల్లా మా ఇంటికి తాళం పడేది. దేశంలో ఏ మూల డ్యాం కట్టినా పాలమూరు లేబర్ చెయ్యి పడాల్సిందేనని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ చేతులు అక్కడికి చేరింది ఈ పెట్టెల్లోనే. అప్పుడు మా లైను మీటర్ గేజి. పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు, ద్రోణాచలం దాకా అదే. కాచిగూడ నుంచి అటు మన్మాడ్ వైపు పోయినా అదే. 1992లో, పట్టాలన్నీ ఒకే వెడల్పుకు మార్చే యూనిగేజ్ పథకం మొదలయ్యాక, ఆ తొంభైల్లోనే మా పట్టాలూ పీకి బ్రాడ్ గేజి వేశారు. ఇప్పుడు మా పిల్లలకు మీటర్ గేజి చూపించాలంటే ఊటీ కొండ రైలు దాకా తీసుకుపోవాలి.

ఆ రైళ్లకు ఇంజన్ ఎట్లా ఉండేదో నాకు గుర్తు లేదు. అది ఎక్కడో ముందు, మేం ఎక్కడో వెనక. గుర్తున్నదంతా లోపలిది. బల్ల మీద చెక్క పట్టీల సందులు తొడలకు ఒత్తుకోవడం. కిటికీ చువ్వ పట్టుకుంటే అరచేతికి అంటే ఇనుప వాసన. షట్టర్ ఎత్తి కొక్కెం పడకముందే వదిలితే నలిగే వేలు. రైలు కదులుతుంటే వెలుగుతూ, స్టేషన్‌లో ఆగగానే గుడ్డిదయ్యే బల్బు. వీటిలో ఒక్కటైనా ఇంజన్‌లో ఉందా?

కొలత విషయానికొస్తాను. హైదరాబాద్‌లో నాకో మిత్రుడున్నాడు. హెచ్‌ఓ కొలతలో గది నిండా రైల్వే పెట్టుకున్నాడు. స్టేషన్, కొండ, సొరంగం, సిగ్నళ్లు, అన్నీ ఉన్నాయి. హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు, పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల 1435 మిల్లీమీటర్ల పట్టాకు లెక్క కట్టిన కొలత. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి. కానీ మన రైళ్ల బొమ్మలు కూడా ఆ 16.5 పట్టా మీదే నడుస్తాయి, లావుపాటి మనిషికి చిన్నపిల్లల చెప్పులు తొడిగినట్టు. ఈ మాటంటే మిత్రుడు నవ్వి, "కంటికి ఆనుతదా చెప్పు" అన్నాడు. ఆనదు. అక్కడ నేను ఓడిపోయాను.

అయినా నా లెక్క నాకుంది. జర్మనీలో బొమ్మ రైళ్లు చేసే ఎల్‌జీబీ వాళ్లు 1968లో 45 మిల్లీమీటర్ల పట్టా తీసుకుని, మీటర్ గేజికి సరిపోయేలా 1:22.5 కొలత పెట్టుకున్నారు. 1000ని 22.5తో భాగిస్తే 44.4. అర మిల్లీమీటరు తేడా. ఎక్కడి జర్మనీ, ఎక్కడి దేవరకద్ర! మా రైలుకు ఒంటి కొలత తీసుకుని కుట్టినట్టు సరిపోయింది. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీటర్ గేజి పెట్టె వెడల్పు తొమ్మిది అడుగులు, అంటే 2743 మిల్లీమీటర్లు. బొమ్మలో 122. బెత్తెడు కన్నా ఎక్కువ. చెయ్యి లోపలికి పోతుంది.

ఆ చెయ్యి లోపలికి పోవడమే నాకు కావాల్సింది. కిటికీ చువ్వనే తీసుకోండి. నా పెట్టె చువ్వలకు వాడింది 22 గేజి రాగి వైరు, మందం 0.71 మిల్లీమీటర్లు. 22.5తో హెచ్చిస్తే 16 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత. అదే చువ్వ హెచ్‌ఓలో 0.18 అవుతుంది. వెంట్రుక కన్నా కాస్త లావు. దాన్నెవరూ చేయలేరు, పారదర్శక ప్లాస్టిక్ మీద గీత గీసి ఊరుకుంటారు. గీత వెనక మనిషి కూర్చోలేడు. చిన్న కొలతలో పెట్టె రంగు వేసిన సబ్బుబిళ్ల. ఇరవై సబ్బుబిళ్లలు వరుసగా పోతుంటే రైలులాగే కనిపిస్తుంది, కాదనను. రైలును గట్టు మీద నిలబడి చూసినవాడికి అది చాలు. లోపల కూర్చుని పోయినవాడికి చాలదు.

ఆ 22 గేజి వైరు బోరు మోటార్ వైండింగ్ షాపు నుంచి తెచ్చాను. మా జిల్లాలో దేనికి కొరతున్నా కాలిపోయిన బోరు మోటార్లకు లేదు. వైండింగ్ చేసే తమ్ముడు విప్పిన వైరు తూకానికి అమ్ముకుంటాడు, నాకు గుప్పెడు ఊరికే ఇచ్చాడు. ఆ వైరు వంకరటింకరగా ఉంటుంది. ఒక కొస వైసులో బిగించి, ఇంకో కొస పటకారతో పట్టి ఒక్క గుంజు గుంజాలి. కొద్దిగా సాగి, గీత గీసినట్టు నిటారుగా వస్తుంది, పైగా గట్టిపడుతుంది. ఒక చిక్కుంది. దానిమీద ఇనామిల్ పూత ఉంటుంది. అది గీకకుండా టంకం పెడితే అంటదు. మొదటి కిటికీకి నేను పూత సంగతి మరిచి, పావుగంట సోల్డరింగ్ ఐరన్‌తో కుస్తీ పట్టి, సీసం మంచిది కాదని సీసాన్ని తిట్టాను.

పక్క గోడల కిటికీలు ఒక్కొక్కటీ కోస్తే చచ్చినా ఒక వరుసలో రావు. ఒకటి అర మిల్లీమీటరు కిందికి దిగినా పెట్టె మొత్తం తాగి నిలబడ్డట్టుంటుంది. అందుకే కోయకూడదు, పేర్చాలి. కిటికీల కింద పొడుగ్గా ఒక పట్టీ, పైన ఒక పట్టీ, నడుమ ఒకే కొలత ముక్కలు. రెండు పట్టీలు సమానంగా ఉంటే కిటికీలు వాటంతటవే వరుసలోకి వస్తాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అక్షరాల బోర్డు చేస్తూ తట్టింది. పీవీసీ షీటు ముక్కలకు నాకు లోటు లేదు. సన్‌బోర్డు, వినైల్, ప్లాటర్ కట్టర్, హీట్ గన్, ఫెవిక్విక్, అన్నీ షాపులో ఉన్నవే. ఫ్లెక్సీ షాపువాడు రైలు పెట్టె చేయకపోతే తప్పు అతనిదే.

షట్టర్లు మాత్రం ప్రాణం తీశాయి. ఒక్కో షట్టర్‌కు సన్నటి పలకలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అంటించాలి. ఒక సాయంత్రానికి ఒకటి. నలభైకి పైగా ఉన్నాయి. లెక్క మీరే వేసుకోండి. అవి పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. లేవకపోయినా ఎవరికీ తెలియదని మా ఆవిడ అంది. షాపుకొచ్చే పిల్లలు మాత్రం ముందు వేలు పెట్టేది అక్కడే.

పైకప్పు సంగతి చెబితే నా పరువు పోతుంది, అయినా చెబుతాను. మొదటి పెట్టెకు కప్పూ గోడలూ మొత్తం సన్‌బోర్డుతోనే, అంటే నురుగులాంటి పీవీసీ షీటుతోనే చేశాను. తేలిగ్గా, సాఫుగా, ఒక్క వారంలో అయిపోయింది. మెరూన్ రంగు కొట్టి, ఆరడానికి మిద్దె మీద పెట్టాను. మే నెల. పాలమూరు మే నెల. మధ్యాహ్నం అన్నం తిని పైకి పోయేసరికి పెట్టె అరటిపండులా వంగిపోయి ఉంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గర బాగా మెత్తబడుతుంది. కానీ ముదురు రంగు వేసి ఎండలో పెట్టి, రెండు కొసల కింద ఇటుకలు పెడితే అంతదాకా పోనక్కర్లేదు, తన బరువుకు తనే కుంగుతుంది. ఎండాకాలం ఫ్లెక్సీ బోర్డులు వంగాయని కస్టమర్లు తిరిగి తెస్తే "ఎండకు పెట్టొద్దని చెప్పిన కదన్నా" అని దబాయించేవాణ్ని నేనే.

రెండోసారి పాఠం నేర్చుకుని కేసింగు పైపు పట్టుకొచ్చాను. బోరు బావికి దించే 180 మిల్లీమీటర్ల పైపు. దాన్ని నిలువునా చీల్చి కప్పుగా వేస్తే గుండ్రం సరిగ్గా వస్తుంది కదా అనుకున్నాను. వచ్చింది కూడా. కానీ ఆ పైపు మందానికి పెట్టె తలబరువై, చెయ్యి తగిలితే పక్కకు ఒరిగింది. పెట్టెకు బరువు కింద ఉండాలి, పైన కాదు. చివరికి ఆ పైపును అచ్చుగా మాత్రమే వాడాను. దానిమీద మిల్లీమీటరు షీట్లు రెండు జిగురుతో ఒకదానిపై ఒకటి పరిచి, పాత సైకిల్ ట్యూబు చీల్చిన పట్టీలతో బిగించి కట్టి, రాత్రంతా వదిలేశాను. తెల్లారి విప్పితే వంపు అట్లాగే నిలిచింది. అంచుల దగ్గర కప్పు ఇంకా గట్టిగా తిరగాలి. అక్కడ హీట్ గన్ పట్టి చీపురు కట్టె మీద వంచాను. నేల కింద ఇనుప పట్టీ బిగించాక ఒరగడం మానేసింది.

ఇక చక్రాలు. ఎనిమిది చక్రాలు, ఒక్కోటి 32 మిల్లీమీటర్లు, లేత్ మిషన్ మీద తీయించాలి. మా బజారులో లేత్ అన్న బోరు మోటార్ బుష్షులు కళ్లు మూసుకుని తీస్తాడు. డ్రాయింగ్ ఇచ్చాను. చక్రం మీది భాగం చదునుగా కాకుండా లోపలి అంచు నుంచి బయటి అంచుకు కొద్దిగా తగ్గాలి. అసలు రైలు చక్రానికి 20కి 1 వాలు ఉంటుంది. అన్న ఆ గీత చూసి, డ్రాయింగ్ తప్పనుకుని, నా మీద దయతో చదునుగా తీసి ఇచ్చాడు. పట్టా మీద పెట్టి తోస్తే పెట్టె ఒక పక్కకే పోయి, చక్రం లోపలి వైపు పొడుచుకొచ్చిన అంచు పట్టాను గీక్కుంటూ కీచుమంది. వెనక్కి తీసుకుపోయాను.

"బుష్షులు తీయబట్టి ఇరవై ఏండ్లాయె. చక్రమంటే చదునుగుండాలె. నాకు చెప్తవా?" అన్నాడు.

చాయ్ వచ్చింది. తాగిన రెండు పేపర్ కప్పులు తీసుకుని మూతికి మూతి అంటించాను. నడుమ లావు, కొసలు సన్నం. రెండు ఇనుప కడ్డీలు పక్కపక్కన వాలుగా పెట్టి దాన్ని దొర్లించాను. కావాలనే వంకరగా వదిలినా అటూ ఇటూ ఊగి నడుమకే వచ్చి కిందిదాకా పోయింది. తర్వాత కప్పులు విప్పి అడుగుకు అడుగు అంటించి వదిలాను. జానెడు పోకముందే పడిపోయింది. కుడికి జరిగితే కుడి చక్రం లావుపాటి చోట నడుస్తుంది, ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ముందుకు పడి ఇరుసును మళ్లీ ఎడమకు తిప్పుతుంది. రైలు పట్టా మీద నిలబడేది చాలా వరకు దీనివల్లే, అంచు ఆఖరి కాపలా మాత్రమే. అన్న ఏమీ అనలేదు. ఆ రెండు కప్పులు తీసి తన అల్మారాలో పెట్టుకున్నాడు. చక్రాలు మళ్లీ తీసినందుకు పైసలు తీసుకోలేదు.

బోగీలు పెట్టెకు బిగించడంలోనూ ఒక కిటుకుంది. నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఊగదు. ఒక బోగీని ముందుకూ వెనక్కీ మాత్రమే ఊగేలా బిగించి, రెండోదాన్ని ఎటైనా ఊగేలా ఒక్క బోల్టు మీద వదిలేయాలి. అప్పుడు పెట్టె పీటలాగా మూడు చోట్ల నిలబడుతుంది. నా పట్టా ఎగుడుదిగుడుది. వెల్డింగ్ షాపులో కొన్న ఇనుప పట్టీలను చెక్క ముక్కల గాళ్లలో నిలువుగా దిగ్గొట్టి చేసింది. అంత మొరటు పట్టా మీద కూడా చక్రం లేవట్లేదు.

నా వాదనకు అడ్డొచ్చే లెక్క కూడా దాచను. పెద్ద కొలతకు చోటు కావాలి. పొడుగు పెట్టె వంపులో తిరిగేటప్పుడు నడుమ భాగం వంపు లోపలికి జరుగుతుంది. ఎంత జరుగుతుందో తేలిగ్గానే తెలుస్తుంది: రెండు బోగీల మధ్య దూరాన్ని దానితోనే హెచ్చించి, వంపు వ్యాసార్థానికి ఎనిమిదింతలతో భాగించాలి. నా పెట్టెకు ఆ దూరం 600 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల వ్యాసార్థం ఇస్తే 22.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ మాత్రం ఫరవాలేదు. కానీ ఆ వంపుతో ఒక చుట్టు వేయాలంటే నాలుగున్నర మీటర్ల వెడల్పు మిద్దె కావాలి, మధ్యలో నీళ్ల ట్యాంకు ఉండకూడదు. మా మిద్దె మీద ఉన్నది పన్నెండు అడుగుల నేరు పట్టా. పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ ఈ కొసకు. తోసేది చెయ్యి. మిత్రుడు దీన్ని రైల్వే అనడు, ఉయ్యాల అంటాడు.

త్రీడీ ప్రింటర్ ఉంది కదా, ఇన్ని తిప్పలెందుకు అని అడుగుతారు. బోగీ పక్క చట్రాలు నేనూ ప్రింట్ చేయించాను, నాలుగు ఒకేలాంటివి చేత్తో చేయడం పంతం తప్ప ఇంకేం కాదు. కానీ పెట్టె మొత్తం ప్రింట్ చేయిస్తే షట్టర్ వేలికి ఎట్లా తగలాలో తెలుసుకోకుండానే పని అయిపోతుంది. కప్పు ఎందుకు తేలిగ్గా ఉండాలో, చక్రం ఎందుకు వాలుగా ఉండాలో నాకు తెలిసింది చెడగొట్టుకున్నాకే.

ఇంజన్ చేయడం రాదన్న నిందకు జవాబు: అవును, రాదు. కానీ కరెంటు పనికి పూర్తిగా దూరం కాలేదు. పాత పెట్టెల కింద ఇరుసుకు బెల్టుతో తగిలించిన డైనమో ఉండేది, అదే బ్యాటరీలు నింపేది. బ్యాటరీ ముసలిదైతే రైలు ఆగగానే బల్బు గుడ్డిదయ్యేది. మా డబ్బ బల్బు కథ ఇదేనని నాకు తెలిసేసరికి నలభై ఏళ్లు దాటాయి. పాడైన సీడీ డ్రైవ్ మోటారును పెట్టె కింద బిగించి, ఇరుసు నుంచి రబ్బరు బెల్టు వేసి, పసుపు ఎల్‌ఈడీ ఒకటి కప్పుకు పెట్టాను. బ్యాటరీ లేదు. గట్టిగా తోస్తే మినుకుమంటుంది. ఆగితే ఆరిపోతుంది. ఇది చేసిన రోజు దుకాణం సాయంత్రం దాకా తెరవలేదు.

రంగు గురించి కూడా అడుగుతుంటారు, రైలు అంటే నీలం కదా అని. నీలం గాలి బ్రేకుల కాలంలో వచ్చింది. వ్యాక్యూమ్ బ్రేకుల కాలం పెట్టెలు మెరూన్‌వే. మా నాయిన ఎక్కినవన్నీ మెరూన్‌వే.

అన్నీ అయ్యాక అమ్మను పిలిచాను. కప్పు నాలుగు స్క్రూల మీద ఉంటుంది, తీసి లోపల చూపించాను. చెక్క బల్లలు, పల్చటి టేకు పొరతో ఒక్కో పట్టీ వేరువేరుగా అంటించినవి. పైన సామాన్ల బల్లలు. చువ్వలు, షట్టర్లు. అమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. బల్లల మీద ఎక్కడో చెయ్యి పెడుతుందని నేను ఎదురుచూస్తున్నాను.

"గివన్ని ఎవరియిరా?" అంది.

"బల్లలే అమ్మా. మనం కూసున్న బల్లలు."

"మనమెప్పుడు కూసున్నం బల్లల మీద? గుంపుల ముప్పై మందిమి. టికెట్టు కొన్నది మేస్త్రీ, కొన్నన్ని కొన్నడు, లేనన్ని లేవు. టీసీ వస్తడని గీడ, దొడ్డి కాడ, దర్వాజల నడుమ, మూటలేసుకొని గూసునేది. నువ్వు నా ఒళ్లె." వేలు పెట్టి చూపించింది. రెండు తలుపుల మధ్య, లెట్రిన్ గోడ పక్కన, నేను ఏమీ చేయకుండా వదిలేసిన చదరం. అక్కడ తెల్ల పీవీసీ షీటు, అంతే. కొలతకు సరిపోయిందా లేదా అని మాత్రం చూసుకున్నాను.

"గీడ రేకుండేది. గళ్ల రేకు. తెల్లారి లేస్తే కాళ్ల మీద గళ్లు గళ్లు అచ్చులు వడేది."

అమ్మ వెళ్లాక స్కేలు పెట్టి ఆ చోటు కొలిచాను. గళ్లు ఎట్లా తేవాలని నాలుగు రోజులుగా అవస్థ పడుతున్నాను. ప్లాటర్ బ్లేడు వెనక్కి తిప్పి అల్యూమినియం ఫాయిల్ మీద గీస్తే గీతలొస్తున్నాయి కానీ ఉబ్బు రావట్లేదు. ఫాయిల్ కింద మెత్తటి రబ్బరు పెట్టి బాల్ పెన్ కొనతో ఒక్కో గడి అద్ది చూశాను. ఇరవై గళ్లలో నాలుగు బాగా వచ్చాయి. లెట్రిన్ గోడ ముందుగా విప్పాలి, అది ఫెవిక్విక్‌తో అంటించాను, బ్లేడు సందులోకి దూరట్లేదు.